మస్టర్‌లో లేని పేరు

మొన్న సోమవారం పొద్దున బడిలో ప్రార్థన గంట కొట్టబోతుంటే తమ్ముడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, బాపు పోయిండు" అన్నాడు. ఛాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగి కూర్చున్నాడట. చిన్నమ్మ గ్లాసు తీసుకుపోదామని వచ్చి పిలిస్తే పలకలేదట. ఆయాసం లేదు, దవాఖాన లేదు, ఒక్కరినీ ఒక్క పూట ఇబ్బంది పెట్టలేదు.

ఫోన్ పెట్టేశాక నా నోటివెంట వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". పక్కనే ఉన్న తెలుగు టీచరు నన్ను వింతగా చూసింది. చావు కబురు విని హమ్మయ్య అనే హెడ్‌మిస్ట్రెస్‌ను ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. ఏడుపు తరువాత వచ్చింది, బాగానే వచ్చింది. కానీ ముందు కలిగింది ఊరట. అదెందుకో చెప్పాలంటే ఆ మనిషి సంగతి మొదటినుంచీ చెప్పుకురావాలి.

నేను కాక అని పిలిచే ఆయన నాకు చుట్టం కాదు. ఆయన భార్యను చిన్నమ్మ అన్నా, ఆయన కొడుకును తమ్ముడు అన్నా పిలుపు వరసే. మా నాన్న తెనాలి పక్క పల్లె నుంచి బొగ్గుగనిలో గుమస్తా ఉద్యోగానికి గోదావరిఖని వచ్చాడు. కంపెనీ క్వార్టర్లలో మా గోడా కాకావాళ్ల గోడా ఒకటే. ఇటు మా అమ్మ "రావే, వచ్చి తిను" అని పిలుస్తుంటే అటు చిన్నమ్మ "దా బిడ్డా, ఈడ్నే తిను" అనేది. రెండు ఇళ్ల భాషా, రెండు ఇళ్ల కూరా నావే. కాక బాయి పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. వారంలో ఆరు రోజులు నేల లోపల బొగ్గు టబ్బులు నింపేవాడు, ఏడో రోజు తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. అక్కడాయన సంఘ పెద్ద.

ఆయనకు రెండు పేర్లు. గనుల వైపు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఒకప్పుడు గనుల్లోకి మనుషులను తీసుకునే రోజుల్లో పిలుపు కార్డు ఒకరికి వచ్చేది. ఆ మనిషి భయపడి పోకపోతే అదే కార్డు పట్టుకుని ఇంకొకరు పోయేవారు. ఫొటోలూ వేలిముద్రలూ గట్టిగా చూసే కాలం కాదు. అలా చేరినవాళ్లను మారుపేర్ల వాళ్లు అంటారు. మా వరుసలోనే నలుగురైదుగురు ఉండేవారు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఒక పేరు. ఇంట్లో భార్య కేకేసేది ఇంకో పేరు. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు. కడుపు నింపుకునే ఉపాయం అనుకున్నారు. హాజరు రాసే మా నాన్నకు కూడా తెలుసు. "రాసేది మనం, దిగేది వాళ్లు. నోరు మూసుకో అమ్మాయ్" అని నన్ను కసిరాడు ఒకసారి.

కాక విషయంలో కార్డు వచ్చింది ఆయన చిన్ననాటి దోస్తుకు. ఇద్దరిదీ కమాన్‌పూర్ దగ్గర ఒకే ఊరు, ఒకే ఈడు. దోస్తు మొదటి రోజు లోపలికి దిగాడు. పైకప్పు చిటపటమన్న చప్పుడు విని, మీదికెక్కి, ఊరు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదట. "ఆకులన్న మేస్త గాని గా బొక్కలకు మల్ల పోను" అన్నాడట. మర్నాడు కార్డు తీసుకుని కాక పోయాడు. అప్పటికాయనకు పాతికేళ్లు దాటాయి. దోస్తు పేరుతో పాటు దోస్తు తండ్రి పేరు కూడా ఆయన మీదికి వచ్చింది. ఊరి చర్చిలో బైబిలులోంచి తీసి పెట్టిన సొంత పేరు బాయి గేటు బయటే ఆగిపోయింది. అలా ముప్పై ఏళ్లకు పైగా ఆగింది.

ఆ రెండు పేర్లలో ఏదీ నేనిక్కడ రాయడం లేదు. ఒకటి బతికున్న మనిషిది, ఇంకొకటి రాయి మీద చెక్కించవలసింది మా తమ్ముడు.

కాకతో మాట్లాడినవాళ్లెవరైనా ఒకటి గమనించి ఉంటారు. ఆయన ఎదుటి మనిషి ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడడు. తల కొంచెం పక్కకు తిప్పి మాట్లాడతాడు. చిన్నప్పుడు మెడ పట్టేసిందేమో అనుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను. ఆయన పకపకా నవ్వాడు. "బాయిల నెత్తికి లైటు ఉంటది గద బిడ్డా. సూటిగ చూస్తె ఎదుటోని కండ్లల్ల పడ్తది, వానికేం కానరాదు. గందుకే మొకం పక్కకు పెట్టి మాట్లాడ్తం. గా అలవాటు మీదికొచ్చినంక కూడ పోతలేదు" అన్నాడు. అని ఊరుకోకుండా ఇంకో మాట అన్నాడు: "లైటు నీ కాళ్ల ముందట పడాలె. ఎదుటోని మొకం మీద కొట్టద్దు." నాకప్పుడు తొమ్మిదేళ్లు. అది బాయి సంగతి అనుకున్నాను, అంతే.

మా వరుస చివర ఒక ముసలవ్వ ఉండేది, మొగుడు పోయినామె. మడీ ఆచారం జాస్తి. నల్లా వచ్చేది పొద్దున ఒక్క గంట. కాక ఇంటి బిందెలకంటే ముందు అవ్వ బిందె నింపి ఆమె గడపలో దించి వచ్చేవాడు. ఆయన అటు తిరగగానే అవ్వ ఆ బిందె మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి శుద్ధి చేసుకుని లోపలికి తీసుకుపోయేది. చిన్నమ్మ చూసి మండిపడేది. "గామె మనం ముట్టిన నీళ్లకు స్నానం చేయిస్తుంటె నీకు సిగ్గనిపిస్తలేదా?" అనేది. కాక మాత్రం "నీళ్ల మీద నీళ్లే సల్లుతుంది గద, బురద సల్లుతలేదు" అని పళ్లు తోముకోవడానికి పోయేవాడు. ఏడాదికి కాబోలు అవ్వ చల్లడం మానేసింది. మనసు మారిందో, చేతులు నొప్పి పుట్టాయో నాకు తెలియదు. కాక అదీ అడగలేదు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. దవాఖానలో దెబ్బలు తగిలి పడుకున్నవాళ్లకు గడ్డం గీసి వచ్చేవాడు, వాళ్లు ఏ మతం, ఏ యూనియన్ అని చూడకుండా. శనివారం సాయంత్రం చర్చి ఊడ్చేవాడు. పాటలకు గొంతు అంత బాగుండదు, అయినా పాడేవాడు. ఒక్కటి మాత్రం చేసేవాడు కాదు. ఇళ్లలో ప్రార్థన కూడికలు జరిగేటప్పుడు అందరూ ఒకరి తరువాత ఒకరు లేచి, తమ పేరు చెప్పుకుని, ప్రభువు తమకు చేసిన మేలు చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. ప్రసాదం దొరుకుతుందని గుడికీ, కేకు దొరుకుతుందని కూడికకూ పోయే రకం నేను, అందుకని అన్నీ చూశాను. కాక వంతు వచ్చేసరికి తల పక్కకు తిప్పి "నా సాక్ష్యం ఇంక తయారు గాలె" అనేవాడు. సంఘ పెద్ద అయ్యుండి ఇదేం తీరని పాస్టరుగారు కూడా ఆటపట్టించేవారు. కాక నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో మాకెవరికీ పట్టలేదు.

కొన్నేళ్ల కిందట కాక నడుము పనికి లొంగనంది. డాక్టర్లు పరీక్ష చేసి ఇక బాయి దిగడానికి పనికిరాడని రాశారు. మా దగ్గర అలా రాస్తే ఇంట్లో ఏడవరు, స్వీట్లు పంచుతారు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు ఆ ఉద్యోగంలో చేరే అవకాశం ఉంటుంది. తమ్ముడు డిగ్రీ చదివి అప్పటికి నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. పెళ్లి కూడా ఈ ఉద్యోగం మీదే ఆగి ఉంది.

చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. మారుపేర్ల వాళ్లందరూ పిల్లలను బడిలో వేసేటప్పుడు తెలివిగా తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరే రాయించారు. ముందుచూపు ఉన్నవాళ్లు. కాక మాత్రం తన సొంత పేరు రాయించాడు. ఆ రోజే చిన్నమ్మ నెత్తీ నోరూ బాదుకుందట. "అబద్ధం నేను మోస్తున్న, సాలు. పిల్లగాన్ని గూడ అబద్ధానికి కొడుకును చెయ్యాల్నా?" అన్నాడట. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇప్పుడు తమ్ముడి పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒకటి, కంపెనీ పుస్తకాల్లో ఇంకొకటి.

దీనికి ఒక మందు అందరూ వాడేదే ఉంది. ఈ రెండు పేర్లూ ఒక్కరివే, ఈ పేరుతో వేరే మనిషి ఎవరూ లేరు అని ఒక కాగితం రాసి, గెజిటెడ్ అధికారి చేత సంతకం చేయించి పెట్టడం. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ను కనుక ఆ అధికారిని నేనే. చిన్నమ్మ గిన్నెలో సేమ్యా పాయసంతో పాటు ఆ కాగితం తెచ్చింది. నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. చదివి, తమ్ముడి ముఖం గుర్తు చేసుకుని, సంతకం పెట్టి, ముద్ర వేసి, పాయసం తాగాను. రోజూ పొద్దున ఆరువందల మంది పిల్లలకు సత్యమే పలకాలని చెప్పే దాన్ని. చెప్పేవి శ్రీరంగ నీతులు అని సామెత మన కోసమే పుట్టింది.

అదే వారంలో కాక దోస్తును చూడడానికి ఊరికి పోయాడు. అక్కడ మాటల్లో ఆ ఇంటి కోడలు నోరు జారింది. దోస్తు వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే రెండేళ్లుగా రావడం లేదు. ఆ పేరు, ఆ తండ్రి పేరు, ఆ ఊరు కలిగిన మనిషి గనిలో ఉద్యోగం చేస్తున్నట్టు కంప్యూటర్లో కనిపిస్తోంది. ఉద్యోగికి పింఛను ఎందుకిస్తారు? ఈ సంగతి కాకకు తెలిస్తే బాధపడతాడని దోస్తు ఇంట్లో అందరి నోళ్లూ కట్టేశాడు. రెండేళ్లు.

మర్నాడు మధ్యాహ్నం కాక మా బడికి వచ్చాడు. నా గదిలో ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"బిడ్డా, నువ్వు సంతకం పెట్టినవట."

"పెట్టిన కాకా. తమ్ముని నౌకరి గద" అన్నాను.

"నా మీద పానంతోనే పెట్టినవు, నాకెర్క. కాని గా కాయిదంల ఇంకో మనిషి లేడని రాసి ఉన్నది. వాడు లేడా? నిన్న వానితోని కలిసి అన్నం తిన్న. మక్క చేనుకాడ మంచె మీద కూసున్నడు. ఉన్నోన్ని లేడని నువ్వెట్ల రాస్తివి?"

ఆయన తల పక్కకు తిప్పుకునే ఉన్నాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్నేమో.

"నా ఫికర్ గదొక్కటే బిడ్డా. రేపు నేను సస్తె గా పేరు మీదనే సచ్చినట్టు కాయిదం ఇస్తరు. నేను సస్తె వాడు సస్తడు. వాని చేను, వాని కార్డు, అన్ని సచ్చినోని పేరు మీదికి పోతయి. నేను వాని పేరు బతకనీకి తీస్కున్న, సంపనీకి కాదు."

ఇది చదువుతున్నవాళ్లు కాక ఏం పోగొట్టుకోబోతున్నాడో ఒక్కసారి చూడాలి. నిజం చెబితే తప్పుడు పేరుతో చేరినట్టు తానే ఒప్పుకున్నట్టు. అన్నేళ్ల సర్వీసు మీద రావలసినవి ఆగిపోవచ్చు. తమ్ముడి ఉద్యోగం పోయినట్టే. చెప్పకపోతే ఏమీ కాదు, మక్క చేనులో ఒక ముసలాయన కాగితం మీద లేకుండా పోతాడు తప్ప. నేను లెక్కలు చెప్పే టీచరును. ఈ లెక్క నాకెప్పుడూ ఒకలాగే తేలేది. ఆయనకు ఇంకోలా తేలింది.

కాక వెంట తెచ్చిన ఆ కాగితం మీద నా సంతకం కొట్టివేసి, పక్కన రద్దు అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. ఒకటి చెప్పాలి, అది గీసేసిన క్షణం నాలో ఏదో బిగుసుకున్నది వదులైంది. అంతకు ముందు రెండు రాత్రులు నేను సరిగ్గా నిద్రపోలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. కాక నన్ను తిట్టకుండానే నా తప్పులోంచి నన్ను బయటికి లాగాడు. తరువాత ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని, నా బల్ల మీద వంగి, నాలుగు వరుసల్లో తన సంగతి తానే రాసుకున్నాడు.

రద్దయిన కాగితంతో పాటు ఆ నాలుగు వరుసలు కంపెనీ ఆఫీసుకు చేరాక ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. తమ్ముడు తండ్రితో మాట్లాడడం మానేశాడు. మానే ముందు ఒక్కటి అడిగాడు: "నాకంటె నీకు నీ దోస్తే ఎక్కువైండా?" కాక అన్నాడు: "ఎక్కువ తక్కువ ఏం లేదు కొడకా. వాడు లేడని రాస్తెనే నీకు కుర్సి వస్తదంటె, గా కుర్సి మీద నువ్వెట్ల కూసుంటవు?" తమ్ముడు చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. చిన్నమ్మ మందమర్రిలో ఉన్న పుట్టింటికి పోయి పది రోజులు ఉండి వచ్చింది.

చర్చిలో ఇంకో గొడవ. అక్కడ కూడా మారుపేర్ల వాళ్లు ఉన్నారు, ఎక్కడ లేరు గనుక? ఈయన తీగ లాగితే డొంకంతా కదులుతుందని వాళ్ల భయం. ఆదివారం ఆరాధన అయ్యాక ఒకాయన కాకను ఆపి, "నీ నిజం మా పొయ్యిల నీళ్లు పోస్తది. గింత భక్తి గిన్నేండ్లు ఏడ వాయె?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. "తప్పు నాదే అన్నా, ఆలస్యం గూడ నాదే" అన్నాడు కాక. ఆ వారమే సంఘ పెద్ద పని వదులుకుని, మరుసటి ఆదివారం నుంచి వెనక చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. పాస్టరుగారు ముందుకు రమ్మంటే "ఈడ గాలి మంచిగొస్తది" అన్నాడట.

విచారణ రోజు సంతకం రద్దు చేసిన దాన్ని కాబట్టి నన్ను కూడా పిలిచారు. కాక, దోస్తు, నేను ఒకే ఆటోలో పోయాం. దారి పొడవునా ఇద్దరూ వెనకటి ముచ్చట్లు చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. విచారణాధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ చూసి అడిగాడు: "మీలాగా మారుపేర్లతో ఇంకా ఎవరెవరు పనిచేస్తున్నారో మీకు తెలిసే ఉంటుంది. చెబితే మీ విషయం సానుభూతితో చూడమని రాస్తాను."

కాక తల పక్కకు తిప్పాడు. "సారూ, నా మొకం మీద లైటు నేనే కొట్టుకున్న. మందిది నన్ను అడగకుండ్రి. ఆల్ల సంగతి ఆల్లు చెప్పుకుంటరు."

"చెప్పకపోతే మీకే నష్టం."

"నష్టానికే వచ్చిన సారూ" అన్నాడు కాక.

అప్పుడు అధికారి దోస్తు వైపు తిరిగి, మీ కార్డు ఈయన దొంగిలించాడా అని అడిగాడు. దోస్తు లేచి నిలబడ్డాడు. "దొంగతనం ఏడిది సారూ? నేనే ఇచ్చిన. నేను భయపడి ఉరికిన, వాడు ఉరకలే. ముప్పై ఏండ్లు నా పేరుకు ఒక్క మచ్చ రానియ్యలే. ఒక్క చార్జిషీటు లేదు. గదే నేనుంటె ఎన్ని నాగాలు పెట్టేటోన్నో, ఎన్నిసార్లు తాగి పోయేటోన్నో. నా పేరు నా తాన ఉంటె గింత మంచిగ ఉండకపోవు." అధికారి నవ్వాపుకోలేక తల దించుకున్నాడు. గుమస్తా పైకే నవ్వాడు. ఆ మాటల కింద దోస్తు వేలిముద్ర వేశాడు.

నేను క్రైస్తవురాలిని కాను. నిజమైన క్రైస్తవుడెవరు అని అడిగితే వాక్యం చూపించి చెప్పే చదువు నాకు లేదు. చర్చికి పోయేవాళ్లలో మంచివాళ్లనూ చూశాను, గుడికి పోయేవాళ్లలో చూసినట్టే అందరు శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అనే రకాన్నీ చూశాను. నాకు తెలిసిందల్లా ఆ గదిలో చూసింది. తన తప్పును అణా తగ్గించకుండా చెప్పాడు. ఎదుటివాళ్ల తప్పు అణా కూడా చెప్పలేదు. చాలామందిమి దీన్ని తిరగేసి చేస్తాం. ఆయన పెద్ద సాధువేం కాదు, ముప్పై ఏళ్లు ఊరుకున్నాడు కూడా. ఊరుకున్నది తప్పని తెలిసినప్పుడు మాత్రం ఇంకొక్క రోజు ఊరుకోలేదు.

ఏడాదిన్నర పట్టింది. చివరికి దోస్తు వాంగ్మూలం చూసి, మచ్చలేని సర్వీసు చూసి, కొంత కోత వేసి, కాక పేరూ తండ్రి పేరూ రికార్డులో సరిచేశారు. దోస్తు పేరు దోస్తుకు తిరిగి వెళ్లింది. పింఛను కూడా వచ్చింది. తమ్ముడికి ఉద్యోగం రాలేదు. అది నేను మెత్తగా చెప్పినా గట్టిగా చెప్పినా అంతే. వాడు జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. రెండు బస్సులు మారి పోయి వచ్చేవాడు, ఇంటికి వచ్చాక తండ్రి ఉన్న గదిలోకి పోయేవాడు కాదు.

రికార్డు మారిన కాగితం చేతికి వచ్చిన వారం, కూడిక మా పక్కింట్లోనే, అంటే కాకావాళ్ల ఇంట్లోనే పెట్టారు. క్వార్టర్లు వదిలాక కూడా రెండు ఇళ్లూ ఒకే గోడకు కట్టుకున్నాం. నేనూ పోయాను, ఈసారి కేకు కోసం కాదు. సాక్ష్యాలు ఒకటొకటి అయ్యాయి. చివరికి కాక లేచాడు. చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. కాక తన పేరు చెప్పాడు. తరువాత తండ్రి పేరు చెప్పాడు. అన్నేళ్లు ఆ మాట నలుగురిలో అనలేదు. "గింతే నా సాక్ష్యం" అని కూర్చున్నాడు. కాకను నిలదీసిన పెద్దమనిషే ముందుగా ఆమెన్ అన్నాడు. తరువాతి నెలల్లో ఆ సంఘంలో ఇద్దరు తమ సంగతి తామే పోయి రాసిచ్చారని విన్నాను. ఎవరో నేను అడగలేదు.

తమ్ముడి కోపం మాత్రం ఇంకా ఆరేళ్లు నడిచింది. ఈలోగా పెళ్లయింది, పాప పుట్టింది. ఆ పాపను బడిలో వేయడానికి మా హైస్కూలుకు కలిసే ఉన్న ప్రైమరీ బడికి తీసుకువచ్చాడు. దరఖాస్తు వాడి ముందు పెట్టాను. పేరు, తండ్రి పేరు, తాత పేరు. వాడు కలం ఆపకుండా రాసుకుంటూ పోయాడు. రాసి, ఎందుకో నవ్వి, "ఎవల పేరు వాల్లదే ఉన్నది అక్కా. రాసుడు అల్కగ ఉన్నది" అన్నాడు. ఏడుస్తానని భయం వేసి పాప చేతికి ఒక చాక్లెట్ ఇచ్చాను. ఆ సాయంత్రం వాడు పోయి తండ్రి మంచం చివర కూర్చున్నాడని చిన్నమ్మ గోడ మీది నుంచి నాకు కబురు చెప్పింది. ఏం మాట్లాడుకున్నారు అని అడిగితే, "ఏం లేదు, బస్సుల ముచ్చట" అంది. మా రెండు ఇళ్లలోనూ ఆ రాత్రి అందరం కడుపు నిండా తిన్నాం.

అందుకే మొన్న ఫోన్ పెట్టేసి హమ్మయ్య అన్నాను. పోయింది ఒక్కడే. తన పేరుతో పోయాడు, ఎవరినీ వెంట తీసుకుపోలేదు.

సమాధి కార్యక్రమం మంగళవారం సాయంత్రం జరిగింది. అక్కడి సమాధుల తోట నుంచి చూస్తే ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలు కనిపిస్తాయి. పాస్టరుగారు పేరు చదివారు, తండ్రి పేరు చదివారు. తమ్ముడు మట్టి వేశాడు. చిన్నమ్మను నేను పట్టుకుని ఉన్నాను. దోస్తును మనవడు బండి మీద తీసుకువచ్చాడు. ఆయన గుప్పెడు మట్టి వేసి, చేతులు దులుపుకోకుండా అలాగే పక్కన నిలబడ్డాడు.

అంతా అయ్యాక పాస్టరుగారు సంఘం సమాధుల రిజిస్టరు తెరిచి, సాక్షులుగా ఇద్దరు పెద్దవాళ్లు సంతకం చేయాలన్నారు. మొదటిది నేను చేశాను. రెండోది దోస్తు చేయాలని తమ్ముడు అన్నాడు. పాస్టరుగారు ఇంకు ప్యాడ్ మూత తీసి ఆయన ముందు పెట్టారు. దోస్తు దాన్ని వేలితో పక్కకు జరిపాడు.

"కలం ఇయ్యుండ్రి అయ్యగారూ."

నేను నా కలం ఇచ్చాను. మట్టి చేతిని ధోవతికి తుడుచుకుని, రిజిస్టరు మీదికి వంగి, రాయడం మొదలుపెట్టాడు. ఒక అక్షరం, ఆగడం, ఇంకో అక్షరం. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి దిగుతున్నాయి. తమ్ముడు ఆయన భుజం మీదుగా తొంగి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, గిది బాపు రాత."

దోస్తు తల ఎత్తలేదు. "మరి నేర్పింది ఎవడు? నౌకరి అయిపోయినంక ప్రతి ఐతారం చర్చి కాంగనే పలక పట్టుకొని బస్సెక్కి వచ్చెటోడు. 'ముప్పై ఏండ్లు నీ పేరు నేను రాసిన, ఇగ నువ్వు రాసుకో' అన్నడు. నాకు జల్ది రాలే. రెండు చలికాలాలు పట్టింది" అన్నాడు.

చివరి అక్షరానికి తలకట్టు పెట్టి, వెనక్కి జరిగి, తన పేరును తాను చూసుకున్నాడు. పాస్టరుగారు రిజిస్టరు మూయబోయారు. దోస్తు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆగుండ్రి అయ్యగారూ. ఆరనియ్యుండ్రి."

మేమందరం ఆ తెరిచిన పేజీ చుట్టూ, ఆ పేరు ఆరేదాకా, నిలబడి ఉన్నాం.